మా పాత ఇంటి స్థలంలో నిధి ఉందంటున్నారు, ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

పత్తికొండ దగ్గరి పల్లెలో మీ ముత్తాత కట్టిన మట్టిమిద్దె కూలిపోయి ఇప్పుడు పది సెంట్ల ఖాళీ స్థలం మిగిలిందని, కరువు కాలంలో మీ ముత్తవ్వ నగలూ వెండి రూపాయలూ ఒక కుండలో పెట్టి అక్కడే ఎక్కడో పూడ్చిందని ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. మీ చేతిలో 40 వేల రూపాయలున్నాయి. ఇంతలో ఒకాయన వచ్చి, 20 మీటర్ల లోతులో ఉన్న బంగారాన్ని మాత్రమే పట్టి చూపించే ‘లాంగ్ రేంజ్ లొకేటర్’ 3 లక్షలకు ఇస్తానని, ముందుగా 50 వేలు అడ్వాన్స్ కట్టమని అడుగుతున్నాడు. ఏది కొనాలి, ఎలా వాడాలి అన్నది మీ ప్రశ్న.

ముందు ఒక్క మాట. ఆ అడ్వాన్స్ కట్టకండి. అప్పు చేసి అసలే కట్టకండి. ఎందుకో కిందికి చదివితే మీకే అర్థమవుతుంది.

మాది పల్నాడు. ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చి సఫోక్ కౌంటీలో స్థిరపడ్డాను. పదమూడేళ్లుగా, కోతలు అయిపోయిన పొలాల్లో రైతుల అనుమతితో డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్నాను. ఇన్నేళ్లలో నాకు దొరికినవి ఎక్కువగా బొత్తాలు, సీసపు తుపాకీ గుండ్లు, బెల్టు బకిల్స్, అరిగిపోయిన రోమన్ కంచు నాణేలు. మధ్యయుగపు వెండి పెన్నీలు కొన్ని ఉన్నాయి. బంగారం అంటే ఒకే ఒక్క ఉంగరం. అయినా ఈ పని మీద నాకున్న ఇష్టం ఏమాత్రం తగ్గలేదు. 700 ఏళ్ల కిందట ఎవరి చేతిలోంచో జారిపోయిన నాణేన్ని ఆ తర్వాత మొదట ముట్టుకున్నది మనమే అన్న భావన చాలా గొప్పది. మీరు కూడా యంత్రాన్ని సరిగ్గా అర్థం చేసుకుని మొదలుపెట్టాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

డిటెక్టర్ అడుగున పళ్లెంలా ఉండే భాగాన్ని కాయిల్ అంటారు. మామూలు రకాల్లో దాని లోపల రెండు తీగచుట్టలుంటాయి. ఒకదానిలో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటు పారుతుంది. దానివల్ల నేలలోకి అయస్కాంత క్షేత్రం దిగుతుంది. దారిలో లోహం తగిలితే ఆ లోహంలో చిన్న చిన్న సుడి కరెంట్లు పుట్టి, అవి తమ సొంత క్షేత్రాన్ని పైకి పంపిస్తాయి. రెండో చుట్ట దాన్ని అందుకుంటుంది. మనకు చెవిలో వినిపించే మోత, తెర మీద కనిపించే అంకె అక్కడి నుంచి వచ్చినవే. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, క్షేత్రం కిందికి దిగేటప్పుడూ బలహీనపడుతుంది, తిరిగి వచ్చేటప్పుడూ బలహీనపడుతుంది. చిన్న వస్తువు విషయంలో దూరం రెట్టింపైతే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. అందుకే రూపాయి బిళ్లంత నాణెం 10 సెంటీమీటర్ల లోతులో గట్టిగా పలుకుతుంది, 20 సెంటీమీటర్లలో సన్నగా వినిపిస్తుంది, 30 దాటితే చాలా యంత్రాలకు వినపడదు. చెంబంత, బిందెంత లోహపు ముద్ద ఉంటే అర మీటరు, పెద్ద కాయిల్ వేస్తే మీటరు దాకా ఆశపడవచ్చు. 20 మీటర్లంటే ఆరంతస్తుల మేడ ఎత్తు. అంత లోతున ఉన్న నగల కుండను కనిపెట్టడం చేతిలో పట్టుకునే ఏ యంత్రం వల్లా కాదు.

మరి ఆ లొకేటర్ అమ్మే ఆయన డెమో చూపిస్తే దాని యాంటెన్నా పుల్ల బంగారం వైపు తిరిగింది కదా అంటారు. ఆ పుల్ల తిరిగే పిడిలాంటి దాని మీద ఉంటుంది. మణికట్టు రవ్వంత వాలినా అటు తిరుగుతుంది. బంగారం ఎక్కడుందో పట్టుకున్న మనిషికి తెలిసినప్పుడు, అతను మోసం చేయాలనుకోకపోయినా చెయ్యి అటే వాలుతుంది. బ్రిటన్‌లో జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారి ఇలాంటి పుల్ల యంత్రానికే ఏడీఈ 651 అని పేరు పెట్టి, బాంబులు పడుతుందని చెప్పి ఇరాక్‌కు అమ్మాడు. లోపల పనిచేసే భాగమేదీ లేదని తేలింది. అతనికి 2013లో 10 ఏళ్ల జైలు శిక్ష పడింది. దాన్ని నమ్మి చెక్‌పోస్టుల్లో నిలబడ్డ సైనికుల సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. మీ దగ్గరికి వచ్చినాయనను ఒక పరీక్షకు ఒప్పించండి. ఒకే రకం పది ప్లాస్టిక్ బకెట్లు బోర్లించి, ఒకదాని కింద బంగారు గొలుసు పెట్టండి. పెట్టేటప్పుడు ఆయన గానీ, ఆయనకు కనిపించేలా నిలబడే మనిషి గానీ చూడకూడదు. ఇలా పదిసార్లు చేయండి. ఊరికే గుడ్డిగా చెప్పినా ఒకసారి తగలవచ్చు. పదిలో ఎనిమిదిసార్లు చెప్పగలిగితే అప్పుడు మాట్లాడదాం. ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

అసలైన డిటెక్టర్లు కూడా ‘బంగారం మాత్రమే’ అని వేరు చేయలేవు. యంత్రం చూసేది లోహం పేరును కాదు, అందులో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుంది, వస్తువు ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది అన్నవాటిని కలిపి. సన్నని బంగారు ఉంగరం ఇచ్చే అంకె, అల్యూమినియం రేకు ముక్క ఇచ్చే అంకె పక్కపక్కనే ఉంటాయి. మందుబిళ్లల స్ట్రిప్పులు, కూల్‌డ్రింక్ డబ్బా మూత చెవులు, సిగరెట్ పెట్టెలోని రేకు అన్నీ బంగారం పలికే చోటే పలుకుతాయి. చెత్త వద్దని ఆ అంకెలను యంత్రంలో ఆపేస్తే ఉంగరం కూడా ఆగిపోతుంది. తెర మీద ‘గోల్డ్’ అని రాసి ఉన్న మోడ్ అంటే బంగారాన్ని గుర్తుపట్టే మోడ్ అని కాదు. చిన్న బంగారపు ముక్కలకు తగినట్టు యంత్రాన్ని సున్నితంగా మార్చే అమరిక, అంతే. ఈ ఒక్క విషయం తెలియక ఎంతోమంది మొదటి నెలలోనే యంత్రాన్ని అటక మీద పడేస్తారు.

మీది పత్తికొండ వైపు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల పొలాల్లో వజ్రాల కోసం జనం గుంపులుగా వెతుకుతారు. అక్కడికి కూడా డిటెక్టర్ తీసుకెళ్లవచ్చా అని మీ ఊరి కుర్రాళ్లు అడగొచ్చు. పనికిరాదు. వజ్రం కర్బనం, దానిలో కరెంటు పారదు. కాయిల్ కింద కోహినూరు పెట్టినా యంత్రం మాట్లాడదు. వజ్రం వెతకడానికి వంచిన నడుము, ఎండలో మెరుపు పట్టే కన్ను తప్ప ఈ యంత్రాలతో పని లేదు. అలాగే వజ్రాలను, రాళ్లను, భూమి లోపలి గదులను చూపిస్తుందని చెప్పే ‘స్కానర్’ మాటలు కూడా నమ్మకండి. నేల లోపలి పొరలను చూపే రాడార్ యంత్రాలు నిజంగానే ఉన్నాయి. వాటి గీతలను చదవడానికి ఏళ్ల శిక్షణ కావాలి. తడి బంకమట్టిలో ఆ తరంగాలు కాస్త లోతుకే ఆగిపోతాయి.

ఇక కొనడం. మీకు యంత్రం ఎందుకు కావాలో ముందు తేల్చుకోండి. ఈ పది సెంట్ల స్థలం కోసమే అయితే కొనక్కర్లేదు. పది సెంట్లంటే సుమారు 405 చదరపు మీటర్లు. తెలిసినవాళ్ల యంత్రం దొరికితే రెండు శని, ఆదివారాల్లో మొత్తం శుభ్రంగా వెతకవచ్చు. ఇది అలవాటుగా చేయాలని ఉంటేనే కొనండి.

మీ ప్రాంతపు నేల గురించి ఆలోచించి కొనాలి. ఎర్రనేలకు ఆ రంగు వచ్చేది ఇనుప ఆక్సైడ్ల వల్లే. ఆ ఖనిజం యంత్రానికి లోహంలాగే బదులిస్తుంది. నల్లరేగడిలో కూడా అయస్కాంత గుణమున్న రేణువులుండవచ్చు. కొన్ని గుండ్రాళ్లయితే అచ్చం నాణెంలా మోగుతాయి. వీటిని లెక్కలోంచి తీసేసే అమరికను గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. మీ నేలలో అది లేని యంత్రం రోజంతా గోల చేస్తుంది, లోతు కూడా సగానికి పడిపోతుంది. ఆన్‌లైన్‌లో 5, 6 వేలకు వచ్చే పసుపు రంగు బొమ్మలాంటి వాటిని వదిలేయండి. గ్యారెట్ ఏస్ 300ఐ మంచి యంత్రమే, ఇక్కడ చాలామంది దానితోనే మొదలుపెడతారు. కానీ దానిలో గ్రౌండ్ బ్యాలెన్స్‌ను మనం మార్చుకోలేం. కాబట్టి మీ ఎర్రనేలకు నేను చెప్పను. టర్కీ కంపెనీ నోక్టా చేసే సింప్లెక్స్ తరగతి యంత్రంలో ఆ వీలుంది. ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ చేసే వాన్‌క్విష్ ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీల్లో, అంటే కాయిల్‌లోని కరెంటు దిశ మారే అనేక వేగాల్లో, పనిచేస్తుంది కాబట్టి నేల గోలను బాగానే తట్టుకుంటుంది. ఈ తరగతి యంత్రాలు ఇక్కడ సుమారు 200 నుంచి 300 పౌండ్లకు వస్తాయి. అక్కడ దిగుమతి ఖర్చులు కలిసి ధర పెరుగుతుంది. బిల్లు, వారంటీ ఇచ్చే చోటే తీసుకోండి. పేరున్న యంత్రాలకు నకిలీలు బాగా తిరుగుతున్నాయి.

ఫ్రీక్వెన్సీ గురించి కొంచెం. 5 కిలోహెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద వెండి, రాగి వస్తువులకు బాగా పనికొస్తుంది. 40 పైన ఉన్నవి గింజంత బంగారపు ముక్కలను పట్టడానికి. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 అనేది 45 కిలోహెర్ట్జ్ యంత్రం, ఏళ్ల తరబడి మేకులు పడ్డ పాత ఇంటి స్థలంలో అది మిమ్మల్ని ఏడిపిస్తుంది. మీకు 10, 15 దగ్గర ఉండేది గానీ, అనేక ఫ్రీక్వెన్సీలది గానీ సరిపోతుంది. పల్స్ ఇండక్షన్ అని ఇంకో రకం ఉంది. ఖనిజం ఎక్కువున్న నేలలో బాగా లోతుకు వెళ్తుంది కానీ, చాలా మోడళ్లు ఇనుమును సరిగా వేరు చేయవు. పాత ఇంటి స్థలంలో ప్రతి మేకుకూ గుంట తవ్వాల్సి వస్తుంది. అది ఇప్పుడు మీకు వద్దు.

డబ్బు మిగుల్చుకుని ఒక పిన్‌పాయింటర్ తప్పకుండా కొనండి. క్యారెట్ గడ్డలా చేతిలో ఇమిడే చిన్న డిటెక్టర్ అది. తవ్విన గుంటలో, తీసిన మట్టిలో వస్తువు ఎక్కడుందో అది చెబుతుంది. అది లేకుండా మట్టిని చేత్తో కెలికితే గంటకు రెండు సంకేతాలు కూడా తేల్చలేరు, పైగా గునపం నేరుగా నాణెం మీదే దిగుతుంది. తర్వాత చెవికి హెడ్‌ఫోన్స్. అవి ఉంటేనే లోతున ఉన్నవాటి సన్నని గొంతు వినిపిస్తుంది.

యంత్రం వచ్చిన రోజే పాత ఇంటి స్థలానికి పరిగెత్తకండి. మీ పెరట్లో మేకులు లేని చోటు చూసి, ఒక పాత రాగి నాణెం, ఒక వెండి మెట్టె, ఒక ఇనుప మేకు, ఒక మందుబిళ్లల స్ట్రిప్పు, ఒక సీసా మూత తీసుకోండి. మొదట నేల మీద ఒక్కొక్కటే పెట్టి కాయిల్ ఊపుతూ ఏది ఏ అంకె, ఏ శబ్దం ఇస్తుందో నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత 10 సెంటీమీటర్లు, 15, 20 లోతుల్లో పాతిపెట్టి మళ్లీ వినండి. లోతు పెరిగేకొద్దీ అంకె ఎలా ఊగిసలాడుతుందో, శబ్దం ఎలా మెత్తబడుతుందో వినాలి. రోజూ గంట చొప్పున పది రోజులు చేయండి. ఈ పని నేర్చుకునేది కంటితో కాదు, చెవితో. నాకు మొదటి ఏడాది ఎవరూ ఇది చెప్పలేదు. తెర మీద అంకె చూసి మాత్రమే తవ్వేవాణ్ణి. అందువల్ల వదిలేసిన సంకేతాలెన్నో. అదే పొలంలో రెండేళ్ల తర్వాత తిరిగి, అదే యంత్రంతో ఆరు వెండి నాణేలు తీశాను. మారింది నా చెవి ఒక్కటే.

స్థలంలోకి దిగాక ముందు చెయ్యాల్సింది గ్రౌండ్ బ్యాలెన్స్. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను నేల నుంచి జానెడు ఎత్తుకు లేపుతూ దించుతూ, మోత నిలకడ అయ్యేదాకా ఉండాలి. మట్టి రంగు మారిన ప్రతిచోటా మళ్లీ చేయాలి. ఎంత సన్నని సంకేతానికి యంత్రం పలకాలో చెప్పే అమరికను సెన్సిటివిటీ అంటారు. దాన్ని పూర్తిగా పెంచేస్తే ఎక్కువ లోతు వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి నేల గోల పెరిగి అసలు సంకేతం మునిగిపోతుంది. యంత్రం ఊరికే అరవడం ఆగేదాకా తగ్గించండి. పైన కరెంటు తీగలుంటే ఇంకా తగ్గించాల్సి రావచ్చు.

తర్వాత తాళ్లు కట్టి స్థలాన్ని మీటరు వెడల్పు పట్టీలుగా విడగొట్టండి. కొడవలి ఊపినట్టు ఊపితే చివర్లలో కాయిల్ గాలిలోకి లేస్తుంది. అలా కాకుండా నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, వాకిలి ఊడ్చినట్టు సమంగా కదపాలి. ఒక ఊపుకు ఇంకో ఊపుకు మధ్య సగం కాయిల్ వెడల్పు మాత్రమే ముందుకు జరగాలి. నేలలో లోతుకు పోయేకొద్దీ కాయిల్ చూపు సన్నబడుతుంది కాబట్టి ఖాళీ వదిలితే లోతులో ఉన్నది తప్పిపోతుంది. ఒక పట్టీ అయ్యాక అదే స్థలాన్ని అడ్డంగా కూడా వెతకాలి. మేకు పక్కన నిలువుగా ఉన్న నాణెం ఒక దిక్కు నుంచి వినపడదు, ఇంకో దిక్కు నుంచి చక్కగా పలుకుతుంది. సంకేతం దొరికితే దాని చుట్టూ పావు వలయం తిరిగి మళ్లీ ఊపండి. రెండు వైపుల నుంచీ గుండ్రంగా, ఒకేలా మోగితే తవ్వాల్సిందే. ఒక వైపు మంచిగా మోగి ఇంకో వైపు చీలిపోతే అది చాలాసార్లు తుప్పుపట్టిన పెద్ద ఇనుము. తలుపు గొళ్లేలు, బండి కమ్మీ ముక్కలు, నాగలి కర్రులు అలాగే మోసం చేస్తాయి.

మట్టిమిద్దె స్థలంలో పైన అడుగు మేర కూలిన గోడ మట్టే ఉంటుంది. అంటే ఆ కాలం నాటి నేల ఇప్పుడు కనిపించే నేల కంటే కింద ఉంది. అందుకని పైమట్టిని పలుచగా చెక్కుతూ, తీసిన మట్టిని పక్కన పట్టా మీద పోసి వెతుకుతూ, పొరలు పొరలుగా దిగాలి. జేసీబీ పిలిచారంటే కుండ ఉన్నా ముక్కలైపోతుంది. నిజంగా ఏవైనా దొరికే అవకాశం ఎక్కువగా ఉండేది గడప చుట్టూ, పొయ్యి పక్కన, ధాన్యం గాదె కింద, పశువుల కొట్టంలో, పెరటి చెట్టు మొదట్లో. జనం తిరిగిన చోట వస్తువులు జారిపోతాయి, పూడ్చేవాళ్లు తమ కంటి ముందుండే చోట పూడ్చుకుంటారు. కాబట్టి ముందు ఊళ్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి ఇంటి నక్షా గీయించండి. గడప ఏ దిక్కున ఉండేది, గాదె ఎక్కడ అని. అది యంత్రం కంటే ఎక్కువ పని చేస్తుంది. ఇంకో విషయం, ఉత్త మట్టికుండ మోగదు, అందులో ఉన్న లోహమే మోగాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ఒకటికి మించి నాణేలో, కుండ అంచో కనిపిస్తే తవ్వడం ఆపాలి. ఇది చెప్పడం తేలికే, ఆ క్షణంలో చెయ్యి ఆగదు. మా కౌంటీలోనే హాక్స్‌న్ అనే ఊరుంది. 1992 నవంబరు 16న అక్కడి రైతు పీటర్ వాట్లింగ్ పొలంలో తన సుత్తి పోగొట్టుకున్నాడు. ఆయన కోసం ఎరిక్ లాస్ అనే పెద్దాయన డిటెక్టర్‌తో సుత్తి వెతుకుతుంటే వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు తగిలాయి. కొన్ని తీసి, మిగతావి కదిలించకుండా ఆగిపోయి అధికారులకు చెప్పారు. మర్నాడు పురావస్తు శాఖవాళ్లు వచ్చి జాగ్రత్తగా తవ్వారు. 14,865 రోమన్ నాణేలు, సుమారు 200 వెండి, బంగారు వస్తువులు బయటపడ్డాయి. వాళ్లు ఆగబట్టే, ఎప్పుడో కుళ్లిపోయిన చెక్కపెట్టె ఆకారం, లోపలి చిన్న పెట్టెల వెండి తాళాలు, ఏ వస్తువు పక్కన ఏది సర్దారు అన్నవన్నీ తెలిశాయి. ఒక కుటుంబం తన వస్తువులను ఎంత ఓపిగ్గా సర్ది దాచుకుందో మనకు కనిపించింది. లాస్‌కు 17 లక్షల 50 వేల పౌండ్ల బహుమతి ఇచ్చారు, ఆయన దాన్ని వాట్లింగ్‌తో పంచుకున్నారు. ఆ సుత్తి కూడా తర్వాత దొరికింది. ఇప్పుడు అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

మన దగ్గర జగిత్యాల జిల్లా కోటిలింగాల చూడండి. గోదావరి ఒడ్డున ఆ దిబ్బల మీద దొరికిన చిన్న నాణేల్లో శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి పేరున్నవి ఉన్నాయి. శాతవాహనులకు ముందటి గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే రాజుల పేర్లు ఉన్నవీ దొరికాయి. కరిగిస్తే వాటికి పైసా రాదు. కానీ అవి కోటిలింగాలలోనే దొరికాయని తెలియడం వల్ల శాతవాహనుల తొలి రోజుల గురించి చరిత్రకారుల చర్చే మారిపోయింది. అవే నాణేలు ఏ ఊరివో తెలియకుండా సంచిలో పడి అంగడికి చేరి ఉంటే ఆ రాజుల కథ మనకు లేదు. శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహంతో చేసినవి. బంగారం కోసం తవ్వేవాళ్లు వాటిని చెత్త అనుకుని విసిరేస్తారు. మీకు మసిబొగ్గులాంటి బిళ్ల దొరికినా పారేయకండి.

చట్టం సంగతి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి ఉన్న, 10 రూపాయలకు మించి విలువున్న ఏ వస్తువు దొరికినా, అది మీ సొంత స్థలమైనా, దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని రాసి, వస్తువును ట్రెజరీలో జమ చేయాలి, లేదా పూచీ ఇవ్వాలి. దాచితే ఏడాది దాకా జైలు పడవచ్చు. చెబితే మొత్తం పోతుందన్న భయం అక్కర్లేదు. కలెక్టర్ విచారణ చేస్తారు, వందేళ్ల లోపు పూడ్చినదని, ఫలానా వాళ్లదని రుజువైతే వాళ్ల హక్కు పరిశీలిస్తారు. యజమాని లేదని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు అని చట్టంలో ఉంది. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహపు విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలని కూడా ఉంది. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే నగలున్న బిందె బయటపడితే, అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. మీ విషయంలో ఇంకోటి ఉంది. ఆ స్థలం మీ ఒక్కరిది కాదు. మీ పెదనాన్నలు, చిన్నాన్నలు, మేనత్తల పిల్లలు అందరూ హక్కుదారులే. అందరి సంతకాలతో ఒక కాగితం రాసుకున్నాకే మొదటి గుంట తవ్వండి. నేనిక్కడ ప్రతి రైతుతో సగం సగం అని ముందే రాసుకుంటాను. అందువల్లే ఇన్నేళ్లలో ఎవరితోనూ మాట పడలేదు.

కోటలు, గుళ్లు, పాత దిబ్బల జోలికి మాత్రం వెళ్లకండి. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే 1958 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటాయి. శిక్ష ఒక్కటే కారణం కాదు. గుప్తనిధుల పేరు చెప్పి నంది విగ్రహాలు పగలగొట్టినవాళ్లు, శివలింగాలు పెకిలించినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది లేరు! ఆ రాళ్లు మళ్లీ రావు. మీ పక్కనే తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో ప్రభుత్వ అనుమతితోనే తవ్వారు. నిధి దొరకలేదు. ఇంగ్లండ్‌లో కూడా చట్టం గట్టిదే. 300 ఏళ్లు దాటి, పదో వంతైనా బంగారమో వెండో ఉన్న వస్తువు గానీ, ఒకేచోట అలాంటి నాణేలు రెండో అంతకంటే ఎక్కువో గానీ దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. 2015లో లెమిన్‌స్టర్ దగ్గర వైకింగుల కాలం నాటి నాణేలు దొరికిన ఇద్దరు చెప్పకుండా అమ్ముకున్నారు. 2019లో ఒకరికి 10 ఏళ్లు, ఇంకొకరికి ఎనిమిదిన్నర ఏళ్ల శిక్ష వేశారు, తర్వాత అప్పీలులో తగ్గించారు. చెప్పి ఉంటే బహుమతితో బయటపడేవాళ్లు.

దొరికిన దాన్ని కడగకండి. ముఖ్యంగా చింతపండుతో తోమకండి, బూడిదతో రుద్దకండి. మన ఇళ్లలో రాగి చెంబు అలా తోముతాం కాబట్టి చెయ్యి అటే పోతుంది. నా రెండో ఏట మొదటి ఎడ్వర్డ్ కాలపు వెండి పెన్నీ దొరికింది. మట్టి పోవాలని వంటసోడా వేసి వేళ్ల మధ్య రుద్దాను. కాగితమంత పలుచని నాణెం రెండు ముక్కలైంది. 700 ఏళ్లు నేలలో భద్రంగా ఉన్నది నా చేతిలో అర నిమిషం నిలవలేదు. ఆ ముక్కలు ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నాయి. మీరు మామూలు నీటితో మట్టి వదిలించి, ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టి, దాని మీద తేదీ, దొరికిన పట్టీ నంబరు, లోతు రాయండి. చాలు.

మోకాలి లోతు దాటి ఎక్కడా తవ్వకండి. మట్టిగోడల పక్కన గుంట తీస్తే గోడ ఒక్కసారిగా మీద పడుతుంది, నడుము లోతు గుంటలో కూడా మనిషి ఊపిరాడక పోతాడు. ఒంటరిగా తవ్వకండి, రాత్రిపూట అసలే వద్దు. అమావాస్య పూజ చేస్తేనే నిధి కదలకుండా ఉంటుందని చెప్పే స్వామి ఎవరైనా వస్తే, ఆ మాట విన్న చోటే వదిలేసి రండి. కరెంటు తీగ, నీటి పైపు ఎక్కడ పోతున్నాయో పంచాయతీలో అడిగి తెలుసుకోండి.

మీ ముత్తవ్వ కుండ గురించి నేను అవునని గానీ కాదని గానీ చెప్పలేను. అలాంటి కథ లేని ఇల్లు మన పల్లెల్లో తక్కువ. చాలాసార్లు పూడ్చినవాళ్లే గడ్డు రోజులు గడిచాక తీసుకుని వాడుకున్నారు. మీకు అక్కడ దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది జారిపోయిన అర్ధణాలు, కాలి మెట్టె, దీపపు కుందె ముక్క, బండెద్దు మువ్వ వంటివి. అవి మీ ముత్తవ్వ ముట్టుకున్నవే కావచ్చు.

ముందు పెరట్లో పరీక్ష మొదలుపెట్టండి. పది రోజులయ్యాక మీ నోటుపుస్తకంలో రాసుకున్న అంకెలు, నేల రంగు, గ్రౌండ్ బ్యాలెన్స్ అంకె ఇక్కడ రాయండి. సెట్టింగ్ ఎక్కడ మార్చాలో చూసి చెబుతాను.